మా ఆయన కట్టిన చక్రాల గది

డెబ్బైల మొదట్లో నేను పాపిరెడ్డిపట్టి చుట్టుపక్కల పల్లెల్లో నర్సుగా పనిచేసేదాన్ని. కాన్పులు చూడడానికీ, టీకాలు వేయడానికీ పోతే రెండు మూడు రోజులు అక్కడే ఉండాలి. ఒకసారి కొండ కింది పల్లెలో, ఒక పెద్దామె ఇంట్లో పడుకుని ఉండగా పెద్ద వాన కురిసింది. బోదగడ్డితో వేసిన ఇంటికప్పు కారి తడిసి, జ్వరంతో ధర్మపురిలో మా ఇంటికి చేరాను. మా ఆయన అక్కడ వెల్డింగ్ షెడ్డు నడిపేవారు. మరుసటి వారం షెడ్డు వెనక పాత ఇనుము పోగవడం మొదలైంది.

పాత కాగితాల అంగట్లో ఏదో విదేశీ పత్రికలో ఒక బొమ్మ చూశారట. బండి వెనక తగిలించుకుని పోయే చిన్న గది. ముందు ఎత్తుగా గుండ్రంగా, వెనక్కి వాలుతూ, జారబోయే నీటిబొట్టులా ఉంటుంది. లోపల పడుకోవచ్చు, నిలబడలేం. వెనక మూత ఎత్తితే స్టవ్వు పెట్టుకునే చోటు.

నాకోసం అలాంటిదే చేయడం మొదలుపెట్టారు. ఇరుసు, చక్రాలు పాత జీపువి. పక్కలకు ప్లైవుడ్డు, పైన నూనె డ్రమ్ములు కోసి సాపు చేసిన రేకు. ఆ రేకు వంచడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. నేను లోపల కూర్చుని చెక్క అదిమిపట్టుకుంటే ఆయన బయటినుంచి సుత్తితో కొట్టేవారు. పెళ్ళయిన ఆరేళ్ళలో మేం అంత తీరిగ్గా మాట్లాడుకున్నది ఆ రేకుకు అటొకరం ఇటొకరం కూర్చునే. అది కోళ్ళగూడు మాదిరి ఉందని మా అత్త నవ్వింది.

తొలిసారి అద్దె జీపుతో లాక్కుపోతే, దారికి అడ్డంగా పారే వంకలో రాళ్ళకు గది అడుగు తగులుకుంది. ఇరుసు కింద ఉన్న స్ప్రింగు పట్టీలను ఆయన ఇరుసు పైకి మార్చారు. జానెడు ఎత్తు పెరిగింది. ఈసారి జీపు వెనక అది వంక దాటి, దున్నిన చేను దాటి, ఆ పల్లె చేరింది. దాన్ని నాకు వదిలి ఆయన వెనక్కి పోయారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పొద్దున టీకాలకు ఒక్కరూ రాలేదు. చాలాసేపటికి ఆ పెద్దామె వచ్చి దూరంగా నిలబడింది.

"మా ఇంట్లో పండుకునేకి ఇష్టం లేదని చెప్పింటే అయిపోయేది గదమ్మా. ఇంత పెట్టె చేయించుకోని రావల్లనా?"

వానలో తడిసి జ్వరం వచ్చిందనీ, అందుకే మా ఆయన చేశారనీ చెప్పాను.

"ఆ పొద్దు మేమూ తడిసినాము" అన్నది.

ఆ సాయంత్రం చాప తీసుకుని వాళ్ళింటికి పోయాను. మర్నాడు ఆమే పిల్లలందరినీ వెంటబెట్టుకొచ్చింది.

మా ఆయనతో మాత్రం గది సుఖంగా ఉందనే చెప్పాను. అన్నాళ్ళ కష్టం చూసినదాన్ని, నోరు రాలేదు. తర్వాత కూడా గది నాతో వచ్చేది. మందులు అందులో పెట్టుకునేదాన్ని. నలుగురిలో చెప్పుకోలేని బాధలున్న ఆడవాళ్ళు లోపలికొచ్చి, తలుపు వేసుకుని చెప్పుకునేవాళ్ళు. పడక మాత్రం ఆ పల్లెలో పెద్దామె ఇంట్లో, మిగతా చోట్ల ఎవరో ఒకరి ఇంట్లో.

ఒక ఏడాది గడిచాక ఆయన గదిలోని పరుపు ఎండలో వేస్తూ, "దూది ఇంకా అణగనే లేదే" అన్నారు. ఇక దాచలేక అంతా చెప్పాను. ఆయన పరుపు దులిపి మడిచిపెట్టారు.

"చూపించుకునేకి వచ్చినోళ్ళు యాడ కూర్చుంటారు?" అని అడిగారు.

పడక అంచున ఇరుక్కుని కూర్చుంటారన్నాను. ఆ ఆదివారం ఆయన సగం పడక కోసేసి, అక్కడ వాళ్ళు కూర్చోవడానికొక బల్ల బిగించారు.