పసుపు గుడ్డ కట్టిన చెరకు బండి

1965 నవంబరు నుండి 1968 వేసవి వరకు, నెలకు పద్దెనిమిది రోజుల చొప్పున, నేను ఒక పాత వ్యానులో ఒంటరిగా కాపురం చేశాను. పైర్ల తెగుళ్లను పరిశీలించడం నా ఉద్యోగం. బోధన్‌లో అద్దె ఇల్లు. తిరుగుడంతా రెంజల్, కోటగిరి వైపు చెరకు ఊళ్లలో. వ్యాను వెనుక భాగంలో ఆరడుగుల చెక్క మంచం, ఒక స్టవ్, రెండు కూజాలు ఉండేవి. పురుగుమందుల పెట్టె మాత్రం వ్యాను పైకప్పు మీద. నేను పడుకునే చోట వాటి వాసన కూడా ఉండకూడదని నియమం పెట్టుకున్నాను.

తలుపు లోపలి వైపు ఇరవై మూడు అంశాల జాబితా అంటించాను. టైర్ల గాలి, అదనపు ఫ్యాన్ బెల్టు, ముప్పై అడుగుల తాడు, టార్చి, అయోడిన్, బెల్లం, వేయించిన శనగలు. సాయంత్రం నాలుగు దాటాక కొత్త దారి పట్టేవాణ్ణి కాదు. కాలువ కట్ట మీద వ్యాను నిలిపేవాణ్ణి కాదు. నాలుగు ఇళ్లు కనబడే చోట, ముఖం రోడ్డు వైపు పెట్టి ఆపి, ఊరి పెద్దకు చెప్పి వచ్చేవాణ్ణి. వంట బయటే. కిటికీ రెండు వేళ్ల సందు ఎప్పుడూ తెరిచే ఉండేది.

జాబితా మొత్తం చదివి వినిపించిన రోజున నా భార్య ఒక్క ప్రశ్న అడిగింది.

"ఇవన్నీ నీకు. నువ్వు మంచిగున్నవని నాకెట్ల తెల్వాలె?"

జవాబు కూడా ఆమే కనిపెట్టింది. చెరకు గానుగాడే నెలల్లో ప్రతి ఊరి బండ్లూ మా ఇంటి ముందు నుండే చక్కెర ఫ్యాక్టరీకి పోయేవి. పాత ధోవతిని పసుపులో ముంచి, చింపి, ముక్కలు నా చేతికిచ్చింది. పొద్దున నేనున్న ఊరి నుండి కదిలే చివరి బండి కాడిమానుకు ఒక ముక్క కట్టాలి. ఆమె గుమ్మంలో నిలబడి చూసుకుంటుంది.

రెంజల్ దగ్గరి ఊరిలో ఒక ముసలి బండాయనకు ఇది పెద్ద వేడుక. "సారూ, మా ఎడ్లకు లగ్గం జేస్తున్నవా?" అనేవాడు. అయినా ముడి గట్టిగా ఉందో లేదో తానే లాగి చూసేవాడు.

1966 జనవరి, మూడవ వారం. మకాం ఆ ముసలాయన ఊరిలోనే. అప్పుడు ఆమెకు ఏడవ నెల. మంగళవారం పొద్దున గుడ్డ కట్టి పంపాను. బుధవారం బండ్లు కదలలేదు. నా నోటుపుస్తకంలో ఆ రోజు పేజీలో నా అక్షరాల్లోనే ఉంది: "చెరకు బండ్లు లేవు." రాశాను, కింద గీత గీశాను, పొలానికి పోయాను. బండ్లు లేకపోతే గుడ్డ కూడా పోదన్న సంగతి నాకు తట్టలేదు.

గురువారం పదకొండు గంటలకు, రోడ్డు మీది నుండి ఒక మనిషి నడుము పట్టుకుని నెమ్మదిగా నడిచి రావడం చూశాను. నా భార్య. బస్సు దిగి రెండు మైళ్లు నడిచింది.

"గిట్ల వచ్చినవేంది?" అన్నాను.

ఆమె నన్ను తల నుండి కాళ్ల దాకా చూసింది. "రెండొద్దులాయె, ఏ బండీ రాలె, గుడ్డ రాలె. బతికే ఉన్నవు గద, సాలు," అని వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయింది.

ముసలాయన పరుగున వచ్చాడు. "మిల్లు సఫాయికి బందు వెట్టిండ్రు బిడ్డా! మంగళారం సగం తొవ్వల కెల్లే మర్రగొట్టిండ్రు మమ్ముల. సారుకు తెల్వదా?" అంటే మంగళవారం గుడ్డ కూడా సగం దారి నుండే వెనక్కి వచ్చేసింది. తరువాత ముసలాయన నా వైపు తిరిగాడు. "బండ్లు వోలేదని రాస్కున్నవు గని, ఎందుకని అడుగకపోతివి సారూ!"

ఆమె పొత్తికడుపు పట్టుకుని కళ్లు మూసుకుంది. నొప్పి అంది. జాబితాలోని వస్తువులు ఆ గంటలో ఆమెకే పనికొచ్చాయి. మంచం మీద పడుకోబెట్టి, బెల్లం నీళ్లు తాగించి, తాడుతో మంచానికి అడ్డు కట్టి, గంటకు పది మైళ్ల వేగంతో బోధన్ చేరాను. మంత్రసాని చేయి పెట్టి చాలాసేపు చూసింది. "కదులుతుండు. మంచిగనే ఉన్నడు," అంది. ఆ మాట విన్నాకే నేను గుమ్మంలో కూర్చున్నాను.

ఆ తరువాత జాబితాలో ఇరవై నాలుగవ అంశం చేరింది: రేపు మిల్లు గేటు తెరుస్తారా అని సాయంత్రమే అడగాలి, తెరవకపోతే గుడ్డను బస్సు కండక్టరుకు ఇవ్వాలి. అది చూసి ఆమె తృప్తిపడలేదు.

"నీ సంగతి నాకెర్కైతది. మరి నా సంగతి నీకు?" అని పసుపు ముక్కల్లో కొన్ని తన దగ్గరే ఉంచుకుంది. "ఒక్క ముడి ఉంటే నేను మంచిగున్నట్టు. కాన్పయినంక రెండుంటే ఇద్దరం."

మార్చి వచ్చింది. లెక్క ప్రకారం ప్రసవానికి ఇంకా పన్నెండు రోజులుంది. సెలవు మంజూరై జేబులో ఉంది. ఆ పొద్దున, ఫ్యాక్టరీ నుండి ఖాళీ బండ్లు తిరిగొస్తున్నాయి. ముసలాయన బండి కాడికి పసుపు గుడ్డ ఉంది.

"మీ పక్కింటామె గట్టింది సారూ. ఏమన్నదో ఎడ్ల గంటలల్ల ఇనవడలే. గీ ముళ్లేంది, ఒక్కటేస్తే ఊడిపోతదా?"

నేను వేలితో తడిమి చూశాను. రెండు. మళ్లీ చూశాను. రెండే.

వెంటనే బయలుదేరాలని కాళ్లు తొందరపడ్డాయి. అయినా తలుపు దగ్గర నిలబడి ఇరవై నాలుగు అంశాలూ పైకి చదివాను. టైర్లు నొక్కి చూశాను. ముసలాయన నవ్వుతూ ఎడ్లను పక్కకు తోలి నాకు దారి ఇచ్చాడు. గుడ్డను నేను విప్పలేదు. ముడులతో సహా కత్తిరించి, జేబులో సెలవు కాగితం పక్కన పెట్టుకుని ఇంజను స్టార్టు చేశాను.