తాడు దాటింది ఎవరు

ఆదివారం పొద్దున ఆరింటికి కొరియాలోని మల్గుమ్ దీవిలో మైకు గరగరలాడింది. చావడి కప్పు మీద బిగించిన ఆ మైకు మామూలుగా ఓడ టైము మారిందనో, చెత్త బండి వస్తోందనో చెబుతుంది. ఆవేళ మాత్రం గుల్లల సంఘం పెద్ద ప్యో గ్వాంగ్‌సూ గొంతు సవరించుకుని మరీ అందుకున్నాడు.

“ఊళ్లో అందరికీ తెలియజేసేదేమంటే, తాడు కట్టి మూసిన గుల్లపిల్లల మడిలో ఎవరో దిగి తవ్వేశారు. తేఆన్ ఆవిడ ఇంట్లో దిగిన విదేశీయుల పనే ఇది. సంఘం తగిన చర్య తీసుకుంటుంది. మళ్లీ చెబుతున్నాను...”

మళ్లీ చెప్పాడు కూడా. ఊళ్లో నలభై గడపలుంటే నలభై గడపలకీ రెండేసి సార్లు వినిపించింది.

తేఆన్ ఆవిడంటే బొక్‌సిమ్. వయసు అరవై ఏడు. తేఆన్ నుంచి ఈ దీవికి కోడలిగా వచ్చి నలభై మూడేళ్లయింది. మొగుణ్ణి ఈ కొండమీదే మట్టిలో పెట్టి తొమ్మిదేళ్లయింది. ఆ దీవిలో కోడళ్లందరినీ పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు, అందులో తప్పు పట్టాల్సింది లేదు. కానీ గ్వాంగ్‌సూ ఆ పేరు మైకులో పలికిన తీరు, నిన్నగాక మొన్న ఓడ దిగిన మనిషి గురించి చెబుతున్నట్టుంది. అన్నం కలియబెడుతున్న బొక్‌సిమ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. గరిటె చేత్తో పట్టుకునే వెళ్లి పక్క గది తలుపు తోసింది.

గదిలో నలుగురు నిద్రపోతున్నారు. నలేది దక్షిణాఫ్రికా పిల్ల. కియరన్ ఐర్లండ్ కుర్రాడు. మిగతా ఇద్దరూ కెనడా నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు. నలుగురూ బుచొన్ పట్నంలో చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతారు. రెండేళ్ల కిందట మే నెలలో, పొగమంచు పట్టి ఓడలు ఆగిపోయిన రోజున, గ్వాంగ్‌సూ తన కొత్త లాడ్జిలో చోటు లేదని వాళ్లని బయటికి పంపేశాడు. వాళ్లు సంచులు మోసుకుంటూ ఇంటింటి తలుపూ తట్టి చివరికి బొక్‌సిమ్ గడపెక్కారు. అప్పట్నించీ వారం విడిచి వారం, శనివారం మొదటి ఓడకి దిగడం, ఆదివారం సాయంత్రం ఓడకి పోవడం వాళ్లకి అలవాటు. ఇంకా చాలా దీవులు చూశారట గాని, ఇక్కడికి వచ్చినంతగా ఎక్కడికీ పోలేదు. కొండెక్కుతారు, ఈదుతారు, బురదలో పడి లేస్తారు. సాయంత్రం అరుగు మీద కూచుని బొక్‌సిమ్‌తో పేకాడతారు. ఆవిడ ముక్కలు దాస్తుందని తెలిసీ ఆడతారు.

పిన్నీ అని మొదట పిలిచింది నలేదియే. కొరియా భాష ఆ పిల్ల ఈ అరుగు మీదే నేర్చుకుంది, అందుకని ముసలమ్మలా మాట్లాడుతుంది. ఆమె నోరు తెరిస్తే చాలు, ట్యూషన్లో పిల్లలు పడీ పడీ నవ్వుతారట.

“లేవండి,” అంది బొక్‌సిమ్. “నిన్న ఎక్కడ తవ్వారు?”

నలేది కళ్లు నులుముకుంటూ లేచి కూచుంది. “ఎడంపక్క, పిన్నీ. నువ్వు చెప్పిన చోటే.”

“తాడు దాటారా?”

“నీ తోడు, దాటలా. ఎర్ర గుడ్డలు కట్టిన తాడేగా? దాని దరిదాపులకే పోలా.”

కియరన్ వెళ్లి బాల్చీ తెచ్చి ముందు పెట్టాడు. ఉప్పునీళ్లలో ముప్పై గుల్లలుంటాయి, అన్నీ అరచేతిలో సగం పట్టేవే. వేలి రెండో కణుపు దాటని గుల్లని తిరిగి బురదలో పెట్టెయ్యాలని బొక్‌సిమ్ నేర్పిన మాట వాళ్లు తు.చ. తప్పలేదు. ఆవిడ గరిటె దించింది.

వాళ్లింకా ముఖాలు కడుక్కోకముందే గ్వాంగ్‌సూ వాకిట్లోకొచ్చాడు. చంకలో సంఘం పుస్తకం ఉంది. పెద్ద మర్యాదస్తుడిలా బూట్లు విప్పి అరుగు మీద కూచున్నాడు.

“వదినా, నాకు మాత్రం బాధ కాదా? కానీ రూలుంది. అతిథులు తాడు దాటితే, ఆ ఇంటివాళ్లకి ఆ ఏడాది బురదలో దిగే హక్కు పోతుంది.”

“ఆ రూలు రాసింది నువ్వే కదయ్యా, పోయినేడు.”

“సంఘం రాసింది. సరే, ఒక దారి చెబుతాను విను. ఈ పిల్లలు మైకులో క్షమాపణ చెప్పుకోవాలి. ఇకమీదట ఈ ఊరు రాకూడదు. నువ్వూ విదేశీయుల్ని దింపుకోవడం మానెయ్యి. మానేస్తే నీ హక్కు నీకుంటుంది. అయినవాళ్లం కాబట్టి చెబుతున్నాను.”

“వాళ్లు దాటలేదు.”

“దాటినవాళ్లు దాటామని చెబుతారా వదినా?” అని నవ్వి బూట్లు తొడుక్కున్నాడు.

ఆ నవ్వుకి బొక్‌సిమ్ ఒళ్లు మండిపోయింది. ఆ బురదే ఆమె బతుకు. సెప్టెంబరు మొదలు నవంబరు దాకా నడుం విరిగేలా గుల్లలు లాగితేనే చలికాలం పొయ్యి వెలుగుతుంది. ఈ రెండు గదుల మీద వచ్చేది బియ్యానికే సరిపోదు. అది గ్వాంగ్‌సూకి తెలుసు. తెలిసే వచ్చి ఆ అరుగు మీద కూచున్నాడు.

మధ్యాహ్నం ఆటు తీసి సముద్రం వెనక్కి పోగానే, ఆవిడ ఒక్కతే పొడుగు బూట్లేసుకుని బురదలోకి నడిచింది. తాడు దగ్గరికి అరగంట నడక. ఎర్ర గుడ్డలు గాలికి రెపరెపలాడుతున్నాయి. తాడవతల మడి ఎలా ఉందో చూసేసరికి ఆవిడకి మొదట నవ్వొచ్చింది. ఆ వెంటనే పళ్లు నూరింది.

పట్నం పిల్లలు చిన్న తొలికతో గుల్లల కోసం తవ్వితే కోడి గీరినట్టు ఎక్కడబడితే అక్కడ గుంటలు పడతాయి. మడిలో గుంట అన్నదే లేదు. ఒకదాని పక్కన ఒకటి, బారుగా, జానెడు వెడల్పు చాళ్లున్నాయి. పోట్లు మీదుగా పోయి అంచులు అరిగినా ఇంకా స్పష్టంగా కనబడుతున్నాయి. దంతెకి తాడు కట్టి, ఆ తాడు నడుముకి బిగించుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ లాగితే పడే చాళ్లవి. అలా లాగడం నేర్వడానికి బొక్‌సిమ్‌కే రెండేళ్లు పట్టింది. ఇంగ్లీషు చెప్పుకునే పిల్లలకి అది చేతనవుతుందని గ్వాంగ్‌సూ ఊరందరికీ చెప్పాడు. దీవిలో బురద చూడ్డం తెలియని ఆడది ఒక్కతీ లేదు. ఎంత అలుసైతే అంత పచ్చి అబద్ధం మైకులో చెబుతాడు!

ఒడ్డెక్కి సరాసరి గ్వాంగ్‌సూ లాడ్జి వెనక్కి పోయింది. శుక్రవారం అక్కడ పట్నం కంపెనీవాళ్లు ముప్పైమంది దిగారు. వంటగది గోడ వారన గుల్లల పెంకులు కుప్ప పోసున్నాయి. చేత్తో ఎత్తి చూసింది. రేగుపండంత ఉన్నాయి. రెండేళ్ల కిందట ఊళ్లో ఆడవాళ్లంతా వంగి బురదలో చల్లిన పిల్లలవి. ఇంకో రెండేళ్లు ఆగాల్సినవాటిని సూపులో పోసి అతిథుల ముందు పెట్టాడు పెద్దమనిషి.

దోసెడు పెంకులు ఏప్రాను జేబులో పోసుకుని, చావడి వెనక షెడ్డుకెళ్లింది. సంఘం ఆడవాళ్లు పదిమంది అక్కడ చుట్టూ కూచుని చేపలు శుభ్రం చేస్తున్నారు. బొక్‌సిమ్ పెంకులు వాళ్ల మధ్యలో పోసింది.

“చూడండి. తాడవతల దంతె చాళ్లున్నాయి. ఇవి గ్వాంగ్‌సూ పెరట్లో ఉన్నాయి. వచ్చి చూస్తారా, ఇక్కడే కూచుంటారా?”

కత్తులు ఆడుతూనే ఉన్నాయి. వాళ్లలో పెద్దావిడ సున్‌గే, ఎనభై మూడేళ్ల మనిషి, చేతిలో చేప కింద పెట్టింది.

“శనివారం దిగినప్పుడే చూశాం లేవే, తేఆన్ పిల్లా.”

“చూశారా?”

“కళ్లున్నాయిగా. ఆ చాళ్లు ఎవరివో తెలియనిదెవరికి?”

“మరి పొద్దున మైకులో అలా వాగుతుంటే ఒక్కరూ అడగలేదేం అక్కా?”

“వాడు సంఘం పెద్ద. ట్రాక్టరు వాడిది. ఎల్లుండి మళ్లీ వాడి బండెక్కే కదా బురదలోకి పోవాలి. ఆ పిల్లలంటావా, సాయంత్రానికి ఓడెక్కి పోయేవాళ్లు. వాళ్లకేం పోద్ది?”

బొక్‌సిమ్ వాళ్లందరి ముఖాలూ చూసింది. ఈ ఆడవాళ్లకి పురుళ్లు పోసింది తను. మొగుళ్లు సముద్రంలో పోతే గుండెకి హత్తుకుని ఏడ్చింది తను. వాళ్లకేం పోద్ది అని ఎంత తేలిగ్గా అనేశారు. ఆవిడ ఏదో అనబోయింది. అంతలో నెత్తిమీద మైకు గరగరమంది.

“ఊళ్లో పెద్దలకి దండాలు.” అది నలేది గొంతు. బొక్‌సిమ్ యాసే, అక్షరం పొల్లు పోకుండా. “తాడు మేమే దాటాం. తెలీక దాటాం. మా పిన్ని తప్పేం లేదు. ఆమెని బురదలోకి పోనియ్యండి. మేమిక రాం.”

షెడ్డులో కత్తులు ఆగిపోయాయి. బొక్‌సిమ్ ఒక్క ఉదుటున బయటపడింది. ఆవిడ చావడి మెట్లెక్కేసరికి అక్కడ గ్వాంగ్‌సూ తప్ప ఎవరూ లేరు. కుర్చీలో వెనక్కి వాలి కూచుని, “అయిపోయింది వదినా, ఇక మర్చిపో,” అన్నాడు. పెంకుల సంగతి అడిగితే, సంత నుంచి కొన్నామన్నాడు. తడుముకోలేదు కూడా.

రేవులో ఓడ కూత వేస్తోంది. నలుగురూ సంచులు తగిలించుకుని వరసలో నిలబడ్డారు. బొక్‌సిమ్ రొప్పుతూ వచ్చి నలేది చెయ్యి పట్టి లాగింది.

“నీకు మాటలు నేర్పింది ఇందుకటే? ఎవరు చెప్పమన్నారు నిన్ను?”

“ఎవరూ చెప్పమనలా. మేమే అనుకున్నాం, పిన్నీ.”

“చెయ్యని తప్పు నెత్తినేసుకుంటారా? బుద్ధుందా మీకు?”

“మేం సాయంత్రానికి పోయేవాళ్లమే కదా. మాకేం పోద్ది?”

ఆ మాట ఆ రోజు వినడం రెండోసారి. మొదటిసారి విన్నప్పుడు వచ్చిన కోపం కన్నా ఇప్పుడొచ్చిన కోపం పెద్దది. సున్‌గే ఆ మాట వాళ్లని తోసెయ్యడానికంది. ఈ పిల్ల అదే మాట తనని నిలబెట్టడానికంటోంది. బొక్‌సిమ్ ఏడవలేదు. వాళ్లకి కట్టిన ఎండుచేపల పొట్లం కియరన్ ఛాతీ మీద కొట్టినట్టు పెట్టి, వెనక్కి తిరక్కుండా నడిచి వచ్చేసింది. ఓడ కనుమరుగయ్యేదాకా రేవులో నిలబడి చెయ్యి ఊపే మనిషి ఆవేళ ఊపలేదు.

మంగళవారం ఆటుకి ట్రాక్టరు బయల్దేరింది. గ్వాంగ్‌సూయే నడుపుతున్నాడు. వెనక బండిలో పదిమంది ఆడవాళ్లు దంతెలు ఒళ్లో పెట్టుకుని కూచున్నారు. బొక్‌సిమ్ ఇంటి ముందు బండి ఆగాల్సిన చోట, దారికి నట్టనడుమ, బొక్‌సిమ్ బాల్చీ బోర్లించుకుని దానిమీద కూచునుంది. బూట్లు లేవు. దంతె లేదు.

“ఎక్కు వదినా, నీ హక్కు నీకిచ్చేశాంగా,” అన్నాడు గ్వాంగ్‌సూ.

“ఆ మడి తవ్విందెవరో చెప్పి బండి కదుపు.”

“మళ్లీ మొదలెట్టావా? ఆ పిల్లలే ఒప్పుకున్నారుగా.”

“నాకోసం ఒప్పుకున్నారు. నువ్వు చెప్పు.”

గ్వాంగ్‌సూ హారన్ కొట్టాడు. బొక్‌సిమ్ కదల్లేదు. బండిలో ఆడవాళ్లు సణగడం మొదలెట్టారు. నీళ్లు తీసేస్తున్నాయి, ఇంకో మూడు గంటల్లో మళ్లీ తన్నుకొస్తాయి, ఈవిడ పంతానికి మన పొట్ట కొడుతుందా అన్నారు. ఒకావిడ కిందికి దిగి చెయ్యి పట్టి లేపబోయింది. బొక్‌సిమ్ విదిలించుకుంది.

“లేవను. నా మీంచి తోలుకుని పోండి. పిల్లలు అబద్ధమాడి తెచ్చిపెట్టిన హక్కుతో నేను బురదలో దిగను. నా చేతికి గుల్ల తగిలిన ప్రతిసారీ ఆ పిల్ల గొంతే వినబడుద్ది. మీకెవరికీ వినబడదా? మైకు మీ ఇళ్లకి లేదా?”

ఇంజను దడదడలాడుతోంది. కింద బురద తేలి మెరుస్తోంది.

సున్‌గే దంతె కర్రతో బండి రేకు మీద టంగుమని కొట్టింది.

“ఇంజను ఆపరా, గ్వాంగ్‌సూ.”

“పెద్దమ్మా, నువ్వు కూడానా?”

“శుక్రవారం నువ్వూ నీ పెళ్లామూ తాడెత్తి లోపలికి దూరడం నా మిద్దె మీంచి చూశానురా. రెండు దంతెలు. నాలుగు బస్తాలు.”

కిందికి దిగినావిడ బొక్‌సిమ్ చెయ్యి వదిలేసి అంది: “చాళ్లు నేనూ చూశా.” బండిలోంచి ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు నేనూ అన్నారు. అందరికన్నా చిన్నది, పోయినేడు పెళ్లై వచ్చిన కోడలు, తల వంచుకునే చెయ్యెత్తింది.

“చావడికి తిప్పు బండి,” అంది సున్‌గే.

“ఆటు పోద్ది పెద్దమ్మా. ఈ పూట కూలి పోద్ది అందరికీ.”

“పోనీ. తిప్పు. మడి తవ్వింది నువ్వేనని, ఆ పిల్లలు కాదని మైకులో చెప్పాలి, ఆదివారం చెప్పినట్టే రెండుసార్లు.”

గ్వాంగ్‌సూ చెవులు కందగడ్డలయ్యాయి. స్టీరింగు తిప్పాడు. ట్రాక్టరు సముద్రానికి వీపు పెట్టి, పదిమంది ఆడవాళ్లతో, పది దంతెలతో చావడి వైపు మళ్లింది. బొక్‌సిమ్ లేచి బాల్చీ చంకన పెట్టుకుని డ్రైవరు సీటు పక్కనే నడిచింది.

“ఆ పిల్లల పేర్లు నలుగురివీ నేను చెబుతా, తప్పుల్లేకుండా పలుకు,” అంది. “మైకు బుచొన్ దాకా వినబడదు. అది అయ్యాక ఫోను కూడా నువ్వే చెయ్యాలి.”