తలా ఒక ముక్క

ఆ రోజుల్లో మాకు ఆటబొమ్మలంటే చేతికి దొరికినవే. రెండు తాటిబుర్రలకు పుల్ల గుచ్చితే బండి, జొన్నదంటు బెండు విరిచి ముళ్లు గుచ్చితే ఎద్దులు. డబ్బిచ్చి బొమ్మ కొనేవాళ్లు కూడా ఉంటారని మాకు తట్టేదే కాదు. ఇప్పుడు మా మనవడు ప్లాస్టిక్ దిమ్మెలు ఇల్లంతా పోసి, మేడలు కట్టి, "అవ్వా, తొక్కొద్దు" అని అరుస్తుంటే, అరికాల్లో గుచ్చుకున్న దిమ్మెను పీక్కుంటూ ఒక క్రిస్మస్ పండగ తలుచుకుంటాను. (నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. తప్పులుంటే ఆమెవి, అబద్ధాలుంటే నావి.)

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక కాంపౌండులో మా ఇల్లు. మా నాన్న ఆసుపత్రి తోటకు కపిల తోలేవాడు. ఎద్దులు ముందుకు నడిస్తే గిలక మీద మోకు జరిగి, బావిలోంచి తోలుబాన నిండుగా పైకి వచ్చేది. నేను పుట్టింది మొదలు ఆ గిలక చప్పుడు వింటూనే పెరిగాను. పెద్ద యుద్ధం ఆగిపోయాక వచ్చిన పండక్కి, సముద్రం అవతలి సీమ నుంచి మా ఏసు గుడికి ఒక చెక్కపెట్టె వచ్చింది. అక్కడి పిల్లలు తాము ఆడుకున్న బొమ్మల్ని మాకు పంపారట. మూత తీస్తే ఎర్రవి, పచ్చవి ఇనుప పట్టీలు, వాటినిండా వరుసగా చిల్లులు, చిన్న చిన్న చక్రాలు, మరలు. అదంతా కలిపి ఒకే బొమ్మ అని గుడి అయ్యగారికి తెలియదు, మాకు అంతకన్నా తెలియదు. అయ్యగారు న్యాయం తప్పని మనిషి. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అన్న మాట రాకూడదని తలా ఒక ముక్క పంచేశారు. పిల్లలు వరుసగా వెళ్లి, వంగి దండం పెట్టి, ఒక్కో ఇనుప ముక్క పుచ్చుకుని, దానికి ఎందుకు సంతోషించాలో తెలియకపోయినా సంతోషిస్తూ వచ్చారు. చివర నేను. పెట్టె అడుగున ఒక కాగితం మిగిలింది. అయ్యగారు దాన్నే మడత విప్పి, రెండు చేతులా ఇచ్చారు.

అయ్యగారి కూతురిది నా ఈడే. ఏం చెప్పినా మూతి ముందుకొచ్చేది గనక అందరం బుంగమూతి అనేవాళ్లం. దానికి వంకర పిడి ఒకటి దొరికింది. నా చేతిలోకి తొంగిచూసి, "నీకు కాగితమా మే? బాగుండాది. శెనక్కాయలు పొట్లం కట్టుకో పో" అంది. నేను ఇంటికెళ్లి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. మా అమ్మ, "ఏడిస్తే కాగితం ఇనుమైతాదా? లేసి సంగటి తిను" అంది.

సంగటి తింటూ ఆ కాగితాన్ని మొదటిసారి సరిగ్గా చూశాను. అందులో ఒక బొమ్మ. పైన గిలక, గిలక మీద తాడు, తాడు కొసన కొక్కెం. మా నాన్న కపిలే! ఎద్దులు మాత్రం లేవు, వాటి బదులు వంకర పిడి ఉంది. కపిలకు నిలబెట్టిన గుంజల్లాగా చిల్లుల పట్టీలు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఊరి పిల్లలందరి పండగా కలిస్తే ఒక్క యంత్రం! దాని సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. దాన్ని నిలబెట్టాలి, ఒక్కసారైనా నా చేత్తో తిప్పి బరువు ఎత్తాలి. ఇంక వేరే ఆలోచన లేదు.

కాని మర్నాడు చూస్తే అప్పటికే ముక్కలన్నీ సంసారాల్లో పడిపోయాయి. ఒక పట్టీ లాంతరు తగిలించే కొక్కెమైంది. ఒక చక్రం కూరగాయలమ్మే ఆమె తక్కెడలో రాయి అయింది. వెడల్పాటి రేకును ఒక అవ్వ ఎలుక కన్నానికి అడ్డంగా మేకులేసి కొట్టేసింది. పైగా పండక్కి ఇచ్చినదాన్ని వెనక్కి అడగడం మా కాంపౌండులో పాపం కింద లెక్క.

"ఒక్క పూటకే అవ్వా," అన్నాను.

"ఆ పూటే ఎలకొస్తే?"

"నేను కావిలుంటా."

"నువ్వు కావిలుంటే ఎలక నిన్ను సూసి నవ్వతాది" అంటూనే మేకులు ఊడదీసింది. దీపాలు పెట్టే వేళకు ఎవరిది వాళ్లకు ఇచ్చేస్తానని ఇంటింటా దేవుని మీద ఒట్టు వేశాను. బుంగమూతి మాత్రం పిడిని వీపు వెనక దాచుకుని, "ఇస్తా. తిప్పేది మటుకు నేనే" అంది. తలూపక ఏం చేస్తాను?

గుడి అరుగు మీద మధ్యాహ్నమంతా కూర్చుని బిగించాను. పిల్లలు చుట్టూ మూగి తలా ఒక సలహా ఇచ్చారు. (తెలియనివాళ్ల సలహా గట్టిగా వినిపిస్తుంది.) మరలు తిప్పీ తిప్పీ వేళ్లు బొబ్బలెక్కాయి. పొద్దు వాలుతుండగా అది నిలబడింది. అరుగు కిందికి తాడు వదిలి, కొక్కేనికి ఇత్తడి చెంబు తగిలించాం. బుంగమూతి పిడి తిప్పింది. చెంబు ఊగుతూ పైకి లేచింది. అందరూ ఒక్కసారిగా కేకలేశారు. మళ్లీ తిప్పింది, మళ్లీ మళ్లీ తిప్పింది.

"నేనో?" అన్నాను.

"నీదేముండాది మే దీంట్లో? కాగితమే కదా!"

ఆ కేకలకు అయ్యగారు వచ్చారు. యంత్రాన్ని చూశారు, మమ్మల్ని చూశారు, నుదురు కొట్టుకున్నారు. "అయ్యో, బండిని ఇరుసుకు ఇరుసు, సీలకు సీల పంచిపెట్టినాను కదమ్మా!" అని నవ్వి, నన్ను పిలిచి, "కట్టింది నువ్వా? ముందు నువ్వు తిప్పు తల్లీ" అన్నారు.

తిప్పాను. చెంబు బరువు తాడు మీదుగా, పిడి మీదుగా వచ్చి నా అరచేతిలో తెలిసింది. మా నాన్న ఎద్దులకు రోజూ తెలిసేది ఇదే కాబోలు అనుకున్నాను.

అయ్యగారు, "దీన్ని ఇంక ఇప్పొద్దు. మా ఇంట్లో బీరువాలో పెడతాను. పండగలకు అందరూ సూడొచ్చు. ఏమంటావు?" అన్నారు. బుంగమూతి మూతి మొదటిసారి వెనక్కి వెళ్లి నవ్వయింది. నేను ఆ నవ్వు చూశాను.

"మాటిచ్చినానయ్యా" అన్నాను. "దీపాలేళకు ఎవురిది వాళ్లకు ఇస్తానని దేవునిమింద ఒట్టేసినా."

అయ్యగారి కళ్లు చెమర్చాయి. నేనే ఒక్కొక్క మర విప్పి, ఎవరి ముక్క వాళ్ల చేతిలో పెట్టాను. బుంగమూతి పిడి పట్టుకుని ఏడుస్తూ ఇంటికి పోయింది. ఆ ఆదివారం ప్రసంగమంతా నా గురించే. మాట తప్పని బిడ్డను చూడండి అన్నారు. నేను ముసుగు కిందికి లాక్కుని, ఎంతో అణకువగా కూర్చున్నాను.

అసలు సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన పోయి ఏళ్లయింది, ఇక దాచి ఏం లాభం? బీరువా ఉండేది అయ్యగారింట్లో. రోజూ తీసి తిప్పేది బుంగమూతే. దానికి దక్కకూడదనే నేను అంత సత్యవంతురాలినయ్యాను. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నన్ను, ఆ పిల్లను నిలబెట్టి రెండు తగిలించాలనిపిస్తుంది. కాని ఆఖరి మర విప్పేటప్పుడు దాని వేళ్లు ఎంతగా వణికాయో నాకే తెలుసు. ఒట్టి అసూయ అయితే చేతులు అలా వణకవు కదా అని, ఈ వయసులో దాని తరఫున నేనే వకాల్తా పుచ్చుకుంటూ ఉంటాను.