సబ్బు తగిలిన గొంగడి

"ఈసారి ఎవ్వరు కొనకపోతే మగ్గం గుంత పూడుస్త," అన్నాడు బాపు. మహబూబ్‌నగర్ దగ్గర మా ఊళ్లో గొర్రెల ఉన్నితో గొంగళ్లు నేసే మగ్గం అదొక్కటే మిగిలింది. కాపరులు సైతం వానకు ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుంటున్నారు.

పదో తరగతితో బడి మానేసినా గ్రంథాలయం మానలేదు నేను. హైదరాబాద్‌లో నిజాం కాలం నాటి రాతి మార్కెట్ గురించి అక్కడే చదివాను. తెలంగాణ వచ్చాక దాన్ని బాగుచేశారని పేపర్లో చూశాను. అక్కడ కొనేవాళ్లు దొరుకుతారని పట్టుబట్టి బాపును బస్సెక్కించాను.

అంతకు ముందురోజు ఒక పని చేశాను. పట్నంవాళ్లకు గొర్రె వాసన పడదని, బాపు మందతో పోయాక కొత్త గొంగడిని సబ్బుపొడిలో నానబెట్టి ఉతికాను. ఉన్నిబట్టలు ఉతికే పద్ధతి పుస్తకంలో చదివిందే. ఆరాక మడిచి నా సంచిలోనే పెట్టుకున్నాను.

మార్కెట్లో గడియారం గోపురం, కమానులు చూపించి, చదివిందంతా చెప్పబోయాను.

"రాయి మంచిగనే చెక్కిండ్రు. కొనే మనిషిని చూపియ్యి," అన్నాడు బాపు.

రెండు దుకాణాలవాళ్లు చెయ్యి ఊపి పొమ్మన్నారు. మూడోది దుప్పట్ల దుకాణం. యజమాని గొంగడిని విప్పి చూశాడు. "బాగనే ఉంది. వానకు ఆగుతదా, పెద్దాయనా?"

బాపు నవ్వాడు. "నీళ్లు పొయ్యి, చూడు."

నాలుగు మూలలూ పట్టుకున్నాం. యజమాని సీసాతో నీళ్లు పోశాడు. పోసినవి పోసినట్టే బాపు చెప్పుల మీద కారాయి.

"పెద్దాయనా, గిది గొంగడా, జల్లెడా?"

బాపు అంచును వేళ్ల మధ్య నలిపి చూశాడు. "నీళ్లు ఆపేదే చింతగింజల గంజి. అదేడవోయింది, బిడ్డా?"

"సబ్బుతోటి ఉతికిన, బాపు. పుస్తకంల అట్లనే ఉండె."

"గా పుస్తకం రాసినాయనకు గొర్లున్నయా?"

యజమాని అప్పటికే గొంగడిని నా చేతిలో పెట్టాడు. మగ్గం గుంత కళ్లముందు మెదిలింది. నేను దుకాణం మెట్టు దిగలేదు.

"అన్నా, తప్పు నాది. నేతది కాదు. ఇంకొక్కటి చూడు," అంటూ బాపు భుజం మీది పాత గొంగడిని లాగాను. అదీ ఆయన నేసిందే. సబ్బు ఎరగదు. విప్పగానే మంద వాసన గుప్పుమంది. యజమాని ముక్కు మూసుకున్నాడు కానీ మూల పట్టుకున్నాడు. సీసాలో మిగిలిన నీళ్లన్నీ నేనే పోశాను. మధ్యలో చిన్న మడుగు కట్టింది. ఆయన కింద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. పొడిగా ఉంది.

"వాసన జర ఎక్కువుంది," అన్నాడు.

"గా వాసన పోతె గిట్లయితది," బాపు తడిసిన చెప్పులు చూపించాడు.

యజమాని నవ్వాడు. "సరే, కొత్తయి రెండు పంపు. అమ్ముడువోతె ఇంక చెప్త. గని ఈ పిల్ల చేతికియ్యకు."

తిరుగు బస్సులో బాపు తడిసిన గొంగడి అంచును మళ్లీ వేళ్లతో నలిపి చూశాడు. జడ్చర్ల దాటాక అడిగాడు: "ఇంట్ల చింతగింజలు ఎన్నున్నయి?"

"చాలవు," అన్నాను. "రేపు పొద్దుగాల ఇల్లిల్లు తిరిగి తెస్త."