పడవకు వాస్తు

మొన్న హన్మకొండలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, పక్క కుర్చీలోని పెద్దమనిషి బగారా అన్నం కలుపుకుంటూ మా బంధుత్వాలు ఆరా తీశాడు. చెరువులో పడవ నడిపిన మా బావ సంగతి చెప్పగానే, "ఓ, గా తాగుబోతు డ్రైవరా!" అని నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తినే దగ్గర కొట్లాడొద్దని మా అమ్మ నేర్పింది కాబట్టి ఆయన బతికిపోయాడు.

మా అక్క మొగుడు జన్మలో కల్లు కూడా ముట్టని మనిషి. మా వైపు అదొక వింత. దావతుల్లో ఆయన సోడా పట్టుకుని మూలన కూర్చుంటే మా చిన్నాయనలు జాలిపడేవారు. చెరువులో జనాన్ని తిప్పే ఇంజన్ పడవ ఆయన చేతిలో ఉండేది. సీటు మీద కొత్తవాడ జంఖానా ముక్క, చుట్టూ డీజిల్ వాసన. నేను పోతే ముందు కూర్చోబెట్టుకుని పడవ గుణాలు చెప్పేవాడు. ముందుకు పోయేటప్పుడు అది ఆవులా సాధువేనట, రివర్స్ కొడితేనే అసలు బుద్ధి బయటపడుతుందట. "ఎనుకకు వోయేటప్పుడు స్టీరింగ్ మాట ఇనది పిల్లా. అడుగున పంకా ఉల్టా తిరుగుతది గద, తోకను ఎడమకే గుంజుతది. నువ్వు ఎటు తిప్పినా గంతే." ఆయన దాంతో పోట్లాడకుండా దాన్నే వాడుకునేవాడు. జనం ఎక్కి దిగే చెక్కల జెట్టీ పడవకు ఎడమపక్కన వచ్చేట్టు మెల్లగా తెచ్చి, ఆపడానికి జర రివర్స్ కొట్టేవాడు. తోక దానంతటదే వచ్చి జెట్టీకి ఒరుసుకునేది. ముసలమ్మలు కూడా ఇంటి గడప దాటినట్టు దిగిపోయేవారు.

అంతా బాగుంటే మనుషులకు తోచదు కదా. గిరాకీ తగ్గిందని పడవ కాంట్రాక్టరు ఒక వాస్తు ఆయన్ను తెచ్చాడు. ఇంటికి వాస్తు విన్నాం, దుకాణానికి విన్నాం. నీళ్ల మీద గడియకో దిక్కు తిరిగే పడవకు వాస్తేమిటి, నా మొహం! ఎడమపక్క దిగడం అరిష్టమట, కుడిపక్కన కుడికాలు పెట్టి దిగాలట. వెంటనే జెట్టీని పడవకు కుడిపక్కన వచ్చేట్టు అవతలికి మార్చారు. "సార్, రివర్స్ కొడితే తోక జెట్టీకి దూరం పోతది, జనం పడ్తరు" అని బావ మొత్తుకున్నాడు. "నడుపరాకుంటె చెప్పు, ఇంకొకన్ని పెట్టుకుంట" అన్నాడు కాంట్రాక్టరు.

బావ అన్నట్టే అయింది. ఒక ఆదివారం, తాడు కట్టకముందే ఒకావిడ జెట్టీ మీద కుడికాలు పెట్టింది. అప్పుడే తోక ఎడమకు జరిగింది. ఆమె పడవకూ జెట్టీకీ నడుమ సందులో పడి మోకాలి చిప్ప పగలగొట్టుకుంది. గట్టు మీది జనానికి కనిపించింది ఒక్కటే, పడవ వంకరగా పోవడం. "తాగి నడుపుతాండు!" అని ఎవడో అరిచాడు. కాంట్రాక్టరు ఆ మాటే పట్టుకున్నాడు. వాస్తు తప్పంటే తన తప్పవుతుంది మరి. "నా నోరు వాసన చూడున్రి" అని బావ ఒక్కొక్కరి దగ్గరికీ పోయాడు. ఒక్కరూ చూడలేదు. పని పోయింది. ఆ రోజు అక్క ఆయన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది. ఏనాడూ తాగని మనిషికి కాళ్లు తడబడుతున్నాయి.

తర్వాత వచ్చిన డ్రైవరూ జెట్టీని గుద్దాడు. పడవకు నిమ్మకాయలు కట్టారు, గుమ్మడికాయ కొట్టారు. చివరికి చప్పుడు చేయకుండా జెట్టీని పాత చోటికే తెచ్చారు. బావను మాత్రం ఎవరూ పిలవలేదు. ఆయన ఇప్పటికీ ఆ చెరువు దిక్కు పోడు.

కాలం గడిస్తే జనం మరిచిపోతారులే అని అందరూ మమ్మల్ని ఓదార్చారు. మరిచిపోయారు, నిజమే. వాస్తు సంగతి మరిచిపోయారు, జెట్టీ మార్చిన సంగతి మరిచిపోయారు, బావ పేరే మరిచిపోయారు. 'తాగుబోతు' అన్న మాటకు మాత్రం కాలం ముసలితనం కూడా రానివ్వలేదు.