మల్లన్న తొడిగి చూసిన బూట్లు

ఎనిమిదింటికి దోహా ఉమ్ ఘువైలినాలోని గది నుంచి బయల్దేరాను. నేను ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. కొత్తగా కొనబోయే తోలు బూట్లు ఇక్కడి ఎండకూ ఇసుకకూ ఆగుతాయో లేదో తేల్చడానికి ఒక జత మా సైటు పనివాడు మల్లన్నకిచ్చి నెల కావస్తోంది. వారానికోసారి అల్ షహానియా అవతలి సైటుకు పోయి ఫారం నింపడం నా పని. ఇది నాలుగోసారి, ఆఖరిసారి. ఈరోజు బాగున్నాయని రాస్తే సైటంతటికీ అవే వస్తాయి.

పికప్ నడిపే యూసుఫ్ భాయ్‌ది హైదరాబాద్. దారిలో కరక్ చాయ్‌కి ఆగాం, ఇద్దరికీ రెండు రియాళ్లు. "బూట్ల కోసం ఇంత దూరం ఎందుకు భాయ్, ఫోన్ల అడుగరాదు?" అన్నాడు. నిజానికి మూడు వారాలుగా నేను చేసిందీ అంతే. ఎదురుగా నిలబడి అడిగాను, చెప్పింది రాసుకున్నాను.

తొమ్మిదిన్నరకు ఒంటెల రేసు ట్రాక్ దాటి సైటు చేరాం. దుమ్ముగాలికి సూర్యుడు కూడా మసకబారాడు. ఇటు పనికొచ్చేవాళ్లు ఈ నేల సంగతి తెలుసుకోవాలి. సున్నపు దుమ్ము కుట్లలో దూరి దారాన్ని తినేస్తుంది. చెమట ఆరాక తోలు మీద ఉప్పు తెల్లగా తేలుతుంది. బ్రష్‌తో దులిపి, తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరనిచ్చి, నూనె పట్టించాలి. మావాళ్లేమో తడి బూట్లను ఏసీ వెనక వేడిగాలికి పెడతారు. నెల తిరక్కుండానే తోలు అప్పడంలా విరుగుతుంది.

నా మాట విన్నది మల్లన్న ఒక్కడే. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది, యాభై దాటాయి, సెంట్రింగ్ పని. ఎండాకాలం కాబట్టి పదింటికి పని ఆపారు. ఆయన వచ్చి రెస్ట్ షెడ్ గడప బయట, నీడలో, బూట్లు విడిచాడు. నిగనిగలాడుతున్నాయి.

"ఎట్లున్నయ్ మల్లన్నా?"

"మస్తున్నయ్ సారూ. రోజూ నూనె రాస్తున్న."

"నొప్పి ఏమన్న ఉన్నదా?"

"నొప్పి మాఫీ సారూ!" అన్నాడు. మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో 'లేదు' అని.

ఆఖరి తనిఖీ కదా అని ఈసారి కుడి బూటు లోపల చెయ్యి పెట్టాను. వేలికి చురుక్కుమని దిగింది. సెంట్రింగ్ చెక్కల మేకు, అడుగు నుంచి గుచ్చుకుని లోపలికి పొడుచుకొచ్చింది. అడుగున ఇనుప రేకు ఉందని అమ్మినవాడు చెప్పిన బూటది. మేకు తుప్పు పట్టింది. లోపలి అట్ట నల్లగా తడిసి ఉంది.

"సాక్సు ఇప్పు మల్లన్నా."

కదల్లేదు. రెండోసారి గట్టిగా అంటే విప్పాడు. అరికాల్లో పుండు.

"షుగరున్నది సారూ. ఆర్నెల్ల సంది కాళ్లు మొద్దుబారినయ్. రాయకు సారూ, తెలిస్తే ఇంటికి పంపుతరు. ఇంకో యేడాది చేస్తే మా ఇంటికి స్లాబు పడుతది."

"రాయకపోతే కాలు పోతది" అన్నాను. కోపంగా అన్నాను, కానీ ఆ కోపం ఆయన మీద కాదు.

పదకొండున్నరకు పికప్‌లో దగ్గరి క్లినిక్‌కి తీసుకెళ్లాం. అన్నం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మలయాళీ నర్సు సన్నటి ప్లాస్టిక్ పోగు తీసి, పాదంలో స్పర్శ ఉందో లేదో చూడాలని, మల్లన్నను కళ్లు మూసుకుని అది తగిలినప్పుడల్లా చెప్పమంది హిందీలో. మల్లన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఆఁ... తెలుస్తున్నది" అన్నాడు.

నర్సు ఇంకా తాకనేలేదు.

వెంటనే పెద్దాసుపత్రికి పంపారు. అంబులెన్స్ ఎక్కుతూ, "బూట్లు పైలం సారూ, ఎండల పెట్టకు" అన్నాడు.

మూడున్నరకు తిరుగు ప్రయాణం. సంచిలో బూట్లు నా కాళ్ల దగ్గరే ఉన్నాయి. పైన ఒక్క పగులు లేదు, ఒక్క కుట్టు ఊడలేదు. ఇంత చక్కగా చూసుకున్న జతను ఖతార్‌లో నేను ఇంతవరకు చూడలేదు. "కాలు దక్కుతదా భాయ్?" అని అడిగాడు యూసుఫ్. తెలియదన్నాను.

ఫారం తీసి, ఈ బూట్లు కొనొద్దని, మేకు సంగతీ పుండు సంగతీ రాశాను. పైన 'నొప్పి' అన్న చోట మూడు వారాలకూ 'లేదు' అని నా చేతిరాతే ఉంది. మల్లన్న అందులో అబద్ధమేమీ చెప్పలేదు. మూడు వారాలు ఆయన ముందు నిలబడి బూట్ల గురించే అడిగాను. కాలు చూపించమని ఒక్కసారీ అనలేదు.