ఆయిల్ మీటరు ముల్లు

మా నాన్నకి దేవుడి మీద కన్నా ఆయిల్ మీటరు మీద నమ్మకం ఎక్కువ. ఇది వేళాకోళానికి అనడం లేదు. ఆయన యానాంలో ఒక షావుకారుగారి కారు నడిపేవాడు. అంతకుముందు ఒక ఫ్రెంచి దొర దగ్గర పనిచేశాడు. ఆ దొర ఆయనకి మొట్టమొదట చూపించింది స్టీరింగు ముందు గుండ్రటి అద్దంలో ఉండే సన్నటి ముల్లుని. ఇంజన్ లోపల ఆయిల్ ఎంత ఒత్తిడితో తిరుగుతోందో అది చెబుతుంది. ముల్లు లేచి ఉన్నంతసేపూ బండికి ఢోకా లేదు. పడిపోయిందా, ఆ క్షణమే ఇంజన్ కట్టెయ్యాలి. లేకపోతే ఇనుముతో ఇనుము రాసుకుని ఇంజన్ పట్టేస్తుంది. దొర ఓడెక్కి వెళ్ళిపోయాడు గానీ ఆ మాట మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. అన్నం తింటూ కూడా నాన్న ముల్లు సంగతే చెప్పేవాడు. నాకూ అమ్మకీ విసుగెత్తిపోయేది.

అమ్మకి ముల్లుతో పని లేదు. బండి ఇంకా అగ్రహారం వైపు మలుపులో ఉండగానే, దాని చప్పుడు విని, "మీ నాన్న వచ్చేస్తున్నారు, ఎసరు పడేయవే" అనేది నాతో. ఇంటి ముందు హారను వినిపించేసరికి బియ్యం ఉడుకుతూ ఉండేవి. ఒక్కోసారి ఆయన గుమ్మంలో కాలు పెట్టగానే, "ఇవాళ బండి దగ్గుతోందేవండీ" అనేది. "ఆహా, నువ్వు కూడా మేస్త్రీవైపోయావా?" అని నాన్న నవ్వేవాడు. మర్నాడు ప్లగ్గులు విప్పి తుడుచుకునేవాడు. తుడిచానని మాత్రం ఆవిడకి చెప్పేవాడు కాదు. మగవాళ్ళంతా ఇంతే.

యానాంలో ఫ్రెంచివాళ్ళు ఉన్న చివరి రోజులవి. చుట్టూ ఉన్నదంతా ఇండియా. పొలిమేరలో చెక్‌పోస్టు. మనుషుల్ని ఎలాగోలా పోనిచ్చేవాళ్ళు గానీ సరుకుల్ని పోనిచ్చేవాళ్ళు కాదు. ఇంజన్ ఆయిల్ డబ్బా ఊళ్ళోకి రావడం గగనమైపోయింది. షావుకారుగారి కారు ముసలిది, ఆయిల్ తెగ తాగేది. అలాంటప్పుడు ఊళ్ళో డ్రైవర్లందరూ కనిపెట్టిన ఉపాయం ఆముదం. ఉన్న ఆయిల్లో తగ్గినంత మేర ఆముదం పోసేవారు. జిడ్డు ఏదైనా జిడ్డే గదా అనేవారు. నాన్న కూడా మొదట గానుగ ఆముదమే పోశాడు. అందులో నలకలున్నాయని సణుక్కుంటుంటే అమ్మ విన్నది.

"బండికి నేను చేసిపెడతాను వంటాముదం. పసిపిల్లలకి పట్టేంత శుభ్రంగా ఉంటాది, ఆయ్" అంది.

చేసింది కూడా. ఆముదం గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలినదాన్ని గరిటెతో తీసి మళ్ళీ కాచేది. తన పాత చీర చెంగుని నాలుగు మడతలు పెట్టి వడకట్టేది. చెంగు రెండో కొస నేను పట్టుకునేదాన్ని. ఆ వాసన నాకు పడేది కాదు. అమ్మకి అప్పుడు కడుపు. నా తరవాత ఇన్నేళ్ళకి నిలిచిన కడుపు. పొయ్యి దగ్గర అంతసేపు కూర్చోవద్దని పక్కింటావిడ కేకలేస్తే, "మా ఆయన బండి రోడ్డు మీద ఆగిపోకూడదు కదా పిన్నీ" అని నవ్వేది. సీసాలో పోసి మూత బిగించి, దాన్ని నాన్న చేతికిచ్చేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. ఇన్నాళ్ళకి ఆ బండిలో తనకీ వాటా దొరికింది.

ఆరో నెలలో, ఒకరోజు పొద్దున్నే, ఆవిడకి రక్తం పడడం మొదలైంది. మా ఊరి డాక్టరుగారు వచ్చి చూసి, ఇక్కడ తన వల్ల కాదని, వెంటనే కాకినాడ తీసుకెళ్ళమని చెప్పారు. షావుకారుగారు కారు తీసుకుపొమ్మన్నారు. వెనక సీటులో దుప్పట్లు పరిచి అమ్మని పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో. చెక్‌పోస్టు దగ్గర జవాను లోపలికి తొంగి చూసి, ఒక్క మాటైనా అడక్కుండా గేటు ఎత్తేశాడు.

తాళ్ళరేవు దాటాక నాన్న ఉన్నట్టుండి స్టీరింగు మీదకి వంగాడు. మీటరు అద్దం మీద వేలితో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ముల్లు సున్నా మీద పడి ఉంది.

"ఆయిల్ పోయింది" అన్నాడు.

అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. "శబ్దం మామూలుగానే ఉందండీ. పోనియ్యండి" అంది. గొంతు చిన్నదైపోయింది గానీ మాట స్పష్టంగానే ఉంది.

"ముల్లు పడిపోయిందే! నీకేం తెలుసు? ఇక్కడ ఇంజన్ పట్టేసిందంటే నిన్ను భుజానేసుకుని తీసుకుపోనా?" అని ఇంజన్ కట్టేశాడు. బండి రోడ్డు పక్కకి దొర్లి ఆగింది.

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఆ రోడ్డు మీద మళ్ళీ ఇంకో కారు ఎప్పుడొస్తుందో తెలీదు. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇదంతా ఇప్పుడు తీరిగ్గా కూర్చుని చెబుతున్నాను. అప్పుడు మాత్రం నాకు ఆయన్ని రెక్క పట్టుకుని గుంజి మళ్ళీ సీట్లో కూలేయాలనిపించింది.

నాన్న బానెట్ ఎత్తాడు. ఆయిల్ చూసే పుల్ల లాగి, తుడిచి, మళ్ళీ ముంచి లాగాడు. ఆయిల్ నిండుగా ఉంది. కింద పడుకుని చూశాడు. ఎక్కడా కారడం లేదు. ఇక మిగిలింది రెండే. పంపు చెడిపోయి ఆయిల్ పైకి ఎక్కకపోవడం, లేదా మీటరే అబద్ధం చెప్పడం. అది తేలాలంటే ఇంజన్ నుంచి మీటరుకి పోయే సన్నటి రాగి గొట్టాన్ని ఇంజన్ దగ్గర విప్పి, ఇంజన్ తిప్పి చూడాలి. ఆయిల్ చిమ్మితే పంపు మంచిదే. ఇవన్నీ ఆయన పైకే చెప్పుకుంటూ చేస్తున్నాడు. దొర నేర్పిన వరస తప్పకుండా, ఒకదాని తరవాత ఒకటి.

గొట్టం నట్టు బిగుసుకుపోయింది. సరిపడే పానా వెనక డిక్కీలో, పెట్టె అడుగున ఉంది. దాన్ని వెతుకుతూ సామానంతా రోడ్డు మీద పారేశాడు. ఎండ నెత్తికెక్కుతోంది. దుప్పటి తడిసి ఆ తడి నా పరికిణీకి అంటుతోంది. "నాన్నా, పోదాం" అన్నాను. "అయిపోయిందమ్మా, అయిపోయింది" అన్నాడు. మళ్ళీ అన్నాను. మళ్ళీ అదే మాట. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఏదో ఒక సమయంలో ఆ పట్టు నాదొక్కదానిదే అయిపోయింది. సరిగ్గా ఎప్పుడో నాకు తెలీలేదు.

నట్టు ఊడింది. హ్యాండిల్ పెట్టి తిప్పాడు. ఇంజన్ రెండుసార్లు మొరాయించి, అంటుకుంది. గొట్టం విప్పిన చోటు నుంచి నల్లటి ఆయిల్ చిమ్మి ఆయన చొక్కా మీదా మొహం మీదా పడింది.

"మీటరే! మీటరే చెడింది! ఇంజన్ నిక్షేపంలా ఉంది!" అని అరిచాడు. నవ్వుతున్నాడు. మొహమంతా ఆయిల్ కారుతుంటే, కిటికీలోంచి తల పెట్టి ఆవిడకి చెప్పబోయాడు.

ఆ నవ్వుని నేను చాలా ఏళ్ళు క్షమించలేదు.

నట్టు బిగించి బండిని ఉరికించాడు. దారిలో ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కాకినాడ ఆస్పత్రిలో డాక్టరు కారు దగ్గరికే వచ్చి, నాడి చూసి, కనురెప్ప ఎత్తి చూసి, కాస్త ముందు తీసుకురావలసింది అన్నాడు. మందలించినట్టు కూడా కాదు, మామూలుగానే అన్నాడు. నాన్న ఆ ఆయిల్ చొక్కాతోనే ఆవిడ పాదాల దగ్గర కూర్చుండిపోయాడు.

కర్మకాండలకి వచ్చిన చుట్టాలు ఊరుకుంటారా? మంచి బండిని నడిరోడ్డు మీద ఆపుకుని కూర్చున్నాడట అన్నారు. పెళ్ళాం ప్రాణం కన్నా షావుకారు ఇంజన్ ఎక్కువైందన్నారు. ఆయన వింటుండగానే అన్నారు. నేను వాళ్ళని వారించలేదు. నా మనసులో మాటని వాళ్ళు పైకి అంటున్నందుకు నాకు తృప్తిగానే ఉంది. ఆయనతో మాట్లాడడం మానేశాను. కంచంలో అన్నం పెట్టి అవతలికి పోయేదాన్ని.

కొన్నాళ్ళకి షావుకారుగారు ఆ మీటరు సంగతి చూడమన్నారు. నాన్న రాగి గొట్టం ఊడదీసి మా పెరట్లోకి తెచ్చుకున్నాడు. నేను అంట్లు తోముతున్నాను. నోటితో ఊది చూశాడు. గాలి పోలేదు. రంపంతో మధ్యకి కోసి, సన్నటి తీగ పెట్టి తోశాడు. జీడిలాంటి గోధుమరంగు ముద్ద ఒకటి ఆయన అరచేతిలో పడింది. దాన్ని వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలాగే ఉండిపోయాడు.

దగ్గరికి వెళ్ళాను. వాసన నాకూ తగిలింది. ఎన్ని ఉదయాలు ఆ చెంగు కొస పట్టుకున్నానో, ఆ వాసన నాకు తెలీకుండా ఎలా ఉంటుంది? ఇంజన్ ఆయిల్లో కలిసిన ఆముదం, కదలిక లేని ఆ సన్నటి గొట్టంలో పేరుకుని గడ్డ కట్టేసింది. ఇంజన్‌కేమీ కాలేదు. ముల్లుకి మాత్రం దారి మూసుకుపోయింది.

"నాన్నా, ఇది అమ్మ కాచిన..."

"నోర్ముయ్" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను అంత మాట అనడం అదే మొదలు. లేచి వెళ్ళి, కుంపటిలో నిప్పుల మీద ఆ ముద్దని వేసి, అది కాలిపోయేదాకా నిలబడ్డాడు. పెరడంతా ఆముదం కమురు వాసన.

"గొట్టం పాతదైపోయింది. ఎవరడిగినా అంతే చెప్పాలి."

"అందరూ నిన్నే తిడుతున్నారు గదా."

"తిట్టనీ. ఆపింది నేనే గదా. దాని చేతి పనిని ఎవరూ ఏమీ అనకూడదు" అని చెయ్యి కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన తింటుంటే పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన చూసీ చూడనట్టు తిన్నాడు.

ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు. చెక్‌పోస్టు తీసేశారు. ఆయిల్ డబ్బాలూ రాగి గొట్టాలూ కాకినాడ నుంచి కావలసినన్ని వచ్చాయి. నాన్న మాత్రం కొత్త గొట్టం వెయ్యలేదు. ఇంజన్ దగ్గర ఆ కన్నానికి ఒక బోల్టు బిగించేశాడు. ముల్లు సున్నా మీదే పడి ఉండేది. షావుకారుగారు అడిగితే ఆ మోడలు మీటరు దొరకడం లేదనేవాడు.

నా పెళ్ళి బట్టలకి ఇద్దరం కాకినాడ వెళ్ళాం, ఆ కారులోనే. తాళ్ళరేవు దాటాం. ఆ రోజు ఆగిన చోటికి రాగానే బండి నెమ్మదైంది. ఆయన కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

"శబ్దం ఎలాగుందమ్మా?" అన్నాడు.

నాకు ఇంజన్ల సంగతి ఏమీ తెలీదు. అమ్మ చెవి నాకు రాలేదు. అయినా కిటికీ వైపు తల వంచి కాసేపు విన్నాను.

"మామూలుగానే ఉంది నాన్నా. పోనియ్యి."

ఆయన పోనిచ్చాడు.